బొట్టు కింది మచ్చ

పోయిన వారం రజితను భూపాలపల్లి బస్టాండులో ఉత్త చేతులతో నిలబెట్టి వచ్చాం. ఆ వారం పత్రిక చేతికి అందని వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

గూడూరు అవతల, అడవి అంచున ఉన్న ఒక తండా కోడలు రజిత. పక్క ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఏడాది కింద ఆమె నుదుట, సరిగ్గా కనుబొమల నడుమ, చిన్న తెల్లమచ్చ లేచింది. తర్వాత పాదాల మీద లేచింది. ఊళ్లో కొందరు బొల్లి అన్నారు. ఇంకొందరు అంతకన్నా పెద్ద రోగం పేరు తీశారు. ఊరి సంగతి తెలిసిందే కదా, పెద్ద పేరే నిలబడింది. మొదట రెండో తరగతి అక్షిత పళ్లెం కింద పెట్టి "మా అమ్మ తినొద్దన్నది" అంది. వారం తిరిగేసరికి సగం మంది పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. బడి కమిటీని ఆడించే రామ్మోహన్‌రావు సోమవారం పొద్దున పది గంటలకు మీటింగు పెట్టించాడు. ఆ రోజు రజిత ఉండాలా పోవాలా తేలిపోవాలన్నాడు. పెద్దసారు మంచివాడే, కాకపోతే రామ్మోహన్‌రావు ముందు ఆయన గొంతు లేవదు. "చర్మం డాక్టరు దగ్గర కాయితం తే బిడ్డా, అంటురోగం కాదని. కాయితం ఉంటే నేను మాట్లాడుత" అని మాత్రం చెప్పాడు.

ఆ కాయితం కోసమే ఈ తిరుగుడు. మహబూబాబాద్‌లో, అంటే మన మానుకోటలో, చర్మవ్యాధులని బోర్డు కనిపించిన మొదటి గుమ్మం ఎక్కితే, లోపలున్న మనిషి మచ్చ వైపు చూడకుండానే సూది మందు నింపాడు. రజిత లేచి వచ్చేసింది. అప్పుడు ఆశా కార్యకర్త సారక్క ఆమెకు ఒక మాట చెప్పింది. "బోర్డు మీద పేరు కాదు పిల్లా, పేరు కింద చదువు చూడు. ఎండీ అని ఉండి, పక్కన చర్మం అని ఉండాలె. రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలె. నంబరు లేనోడు ఎంత పెద్ద బోర్డు కట్టినా లోపలికి పోకు." అట్లాంటి డాక్టరు పేరు కూడా సారక్కే కనుక్కుంది. స్వాతి మేడం. బుధవారం మానుకోట, శుక్రవారం భూపాలపల్లి, ఆదివారం జనగామ. రజితకు ఈ సంగతి తెలిసేసరికి బుధవారం దాటిపోయింది. శుక్రవారం భూపాలపల్లి పోయింది. అక్కడ బొగ్గు టిప్పరు నడిపే మొగుడు బలరాం సగం పూట సెలవు పెట్టి వెంట వచ్చాడు. తలుపు మీద కాగితం అంటించి ఉంది, ఈ వారం డాక్టరు రారని.

ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆదివారం పొద్దున రజిత మానుకోట స్టేషన్‌లో జనగామకు టికెట్ తీసుకుంటుంటే పక్కన ఇంకో చెయ్యి వచ్చి కిటికీలో పడింది. భుజం దాకా తెల్లగాజులు ఉన్న చెయ్యి. అత్త కమ్లీది.

"రెండు టికెట్లు తియ్యి" అంది కమ్లీ. "ఒక్కదాన్ని ఎట్ల పంపిత్త?"

రజితకు పై ప్రాణాలు పైనే పోయాయి. అత్త మంచిదే. కానీ అత్త వెంట వస్తే ప్రతి దానికీ ఒక మాట ఉంటుంది, ప్రతి మాటకూ ఒక పట్టు ఉంటుంది. అయినా ఏం చేస్తుంది, రెండు టికెట్లు తీసింది.

జనగామలో ఆ దవాఖాన స్టేషన్‌కు నాలుగు అడుగుల దూరం. కింద ఎరువుల దుకాణం, పైన రెండు గదులు. రజిత మెట్లెక్కే ముందు బోర్డు దగ్గర ఆగి ప్రతి అక్షరం కూడబలుక్కుని చదివింది. ఎండీ ఉంది. చర్మం అని ఉంది. నంబరు ఉంది. అప్పుడు మెట్టు మీద కాలు పెట్టింది.

బయటి గదిలో ఇరవై మందికి తక్కువ లేరు. మెడ చుట్టూ పొలుసులు లేచి చొక్కా పై గుండీ ఊడదీసుకుని కూర్చున్న మేస్త్రీ, మొటిమల మొహాన్ని చున్నీతో కప్పుకున్న కాలేజీ పిల్ల, వేళ్ల సందుల్లో గజ్జి గోక్కుంటున్న ముగ్గురు అన్నదమ్ములు. ఇంతమంది ఒంటి మీద ఇన్ని రకాల బాధలు పెట్టుకుని తిరుగుతున్నారని రజిత ఎన్నడూ అనుకోలేదు. ఈ లోకంలో మచ్చ తనకొక్కదానికే ఉందన్నట్టు ఏడాది నుంచి తల వంచుకుని నడిచింది. ఆ గదిలో కూర్చున్నాక ఎందుకో తల కొంచెం లేచింది.

లోపలి నుంచి డాక్టరు గొంతు బయటికి వినబడుతోంది. అది వినబడకుండా ఉండే గొంతు కాదు.

"ఎన్ని ట్యూబులు పూసినవ్ సంపత్?"

"ఆరు మేడం."

"ఇంట్ల ఎవరెవరు పూసిండ్రు?"

"నేను, మా ఆమె, మా బామ్మర్ది."

"తువాల ఒకటే, ట్యూబు ఒకటే, తామర గూడ ఒకటే. బాగున్నది మీ కాపురం! దీంట్ల స్టెరాయిడ్ ఉంటది. పూస్తే దురద తగ్గుతది, అడుగున తామర బలుస్తది. ఆపంగనే రెండింతలై లేస్తది. మీరు మల్ల దుకాణానికి ఉరుకుతరు. ముగ్గురిని తోల్కరా. ముగ్గురికి మందు రాస్త. బట్టలు ఎండల ఆరెయ్యాలె, తడి లుంగీ కట్టొద్దు. తగ్గిందని నడుమిట్ల మందు బంద్ చేసినవనుకో, నా మొకం చూడకు."

బయట కూర్చున్న వాళ్లు నవ్వారు. రజిత నవ్వలేదు. ఆమె సంచీలో అదే ట్యూబు ఉంది. తండాలో ప్రేమ్‌సింగ్ అన్న జ్వరానికి సూది వేస్తాడు, దెబ్బకు కట్టు కడతాడు. అదే చేత్తో మచ్చకు ఈ ట్యూబు ఇచ్చాడు. నాలుగు నెలలు పూసింది. మచ్చ పోలేదు సరికదా, దాని చుట్టూ చర్మం పలచబడి ఎండలోకి పోతే మండడం మొదలైంది.

వాళ్ల వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. డాక్టరు స్వాతికి నలభై లోపే ఉంటాయి. నెల్లికుదురు వైపు మనిషి. తెల్లకోటు కుర్చీకి తగిలించి ఉంది, వంటి మీద లేదు. రజిత చెప్పాల్సింది రైలులో వందసార్లు అనుకుని పెట్టుకుంది. తీరా కూర్చున్నాక ఒక్కటే మాట వచ్చింది.

"మేడం, నాకు ఆ రోగం లేదని కాయితం కావాలె. రేపు పొద్దుగాల పది గంటలకు."

"లేదని నాకెట్ల తెలుస్తది? చూడకుంటనే కాయితం రాస్తే బయట సూది వేసేటోనికి నాకు ఏం ఫరక్?" డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "బొట్టు తియ్యి."

రజిత చెయ్యి నుదుటి దాకా పోయి ఆగింది. రూపాయి బిళ్లంత ఎర్రటి స్టిక్కరు బొట్టు. ఏడాది నుంచి మొగుడి ముందు కూడా ఆమె అది తీయలేదు. చీకట్లో తీసి చీకట్లోనే కొత్తది అతికించుకునేది.

"ఎందుకు తీయాలె?" కమ్లీ లేచి నిలబడింది. "నా కొడుకు బతికున్నడు. మొగుడున్న ఆడిది పరాయి జాగల కూసోని బొట్టు తీస్తదా? పాదాలు చూడు, పాదాల మీద గూడ ఉన్నయి. గవ్వి చూసి రాయి."

"పాదాలు గూడ చూస్త అవ్వా. ముందుగాల గిది చూడాలె."

"రజితా, లే. ఇంకో డాక్టరు దగ్గరికి పోదాం."

ఇంకో డాక్టరు! మూడు జిల్లాలు తిరిగితే దొరికిన ఒక్క డాక్టరు ముందు నిలబడి ఇంకో డాక్టరట! రజితకు ఒక్కసారి కోపం వచ్చింది. అది అత్త మీద కాదు. ఏడాదిగా చీకట్లో అద్దం ముందు నిలబడ్డ తన మీద. అక్షిత కింద పెట్టిన పళ్లెం కళ్ల ముందుకు వచ్చింది.

"కూసో యాడీ" అంది. అత్తను ఆమె అమ్మ అనే పిలుస్తుంది, తమ తండా మాటలో. "తీసిన బొట్టు మల్ల పెట్టుకుంట. పోయిన పని మల్ల రాదు."

గోరుతో బొట్టు అంచు లేపి తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరు లైటు దగ్గరికి లాక్కుని చూసింది. నుదుట తెల్లమచ్చ, అంచు గీసినట్టు గుండ్రంగా ఉంది. బల్ల మీది బొట్టును చిన్న పట్టకారుతో ఎత్తి మచ్చ పక్కన పట్టింది. రెండూ ఒకటే కొలత.

"మచ్చ రాకముందు ఏ సైజు పెట్టుకునేదానివి?"

"చిన్నది మేడం. మినప గింజంత."

"మచ్చ ఎంత లేచింది?"

"గంతే లేచింది."

"తర్వాత?"

"కనవడొద్దని దానికన్న పెద్దది పెట్టిన."

"మచ్చ?"

రజితకు సమాధానం గొంతులోకి వచ్చాక దాని అర్థం తెలిసింది. "మచ్చ గూడ పెద్దగైంది" అంది నెమ్మదిగా. "అప్పుడు ఇంకా పెద్ద బొట్టు తెచ్చినం."

"దాన్ని దాయబొయి దానికే మేత వేసిండ్రు." డాక్టరు బొట్టు తిప్పి వెనక జిగురు చూపించింది. "ఈ జిగురుల ఉండే మందు కొందరి చర్మానికి పడదు. చర్మానికి రంగు ఇచ్చే కణాలను చంపుతది. బొట్టు ఎంత ఉంటే మచ్చ అంత. ఏదీ, నీ చెప్పులు చూపెట్టు."

గుమ్మం బయట విడిచిన రబ్బరు చెప్పులు కాంపౌండరు తెచ్చి పెట్టాడు. రజిత పాదం అందులో పెట్టింది. బొటనవేలి సందు నుంచి రెండు పక్కలకు చీలిన నీలం పట్టీ కింద, అదే దారిలో చీలిన తెల్లటి చార. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. బడికి, పొయ్యి దగ్గరికి, నీళ్ల దగ్గరికి మూడేళ్లుగా ఆ ఒక్క జత చెప్పులే.

"రబ్బరుల గూడ అసొంటి మందే ఉంటది. తోలు చెప్పులో గుడ్డ చెప్పులో ఏసుకో. బొట్టు కుంకుమతోని పెట్టుకో, జిగురు వద్దు. ఆ ట్యూబు ఇటియ్యి, చెత్తబుట్టల వెయ్యాలె. నేను వేరే మందు ఇస్త, ఆర్నెల్లు వాడాలె. రంగు శానా మందికి తిరిగొస్తది. అందరికీ పూర్తిగ వస్తదని చెప్ప, అబద్ధమైతది. కానీ ఇది అంటేది కాదు. నీ చేతి అన్నం తింటే ఎవరికీ ఏమీ కాదు."

"మరి వాళ్లు అనే పెద్ద రోగం, మేడం?"

"అది గూడ చూసే రాస్త. కండ్లు మూసుకో." డాక్టరు దూది తీసి కొస సన్నగా నలిపింది. "ఆ కుష్టు రోగమైతే మచ్చ మీద తిమ్మిరి ఉంటది. దూది పెట్టినా, సూది పెట్టినా తెల్వదు. నేను ఎక్కడ ముట్టుకుంటే అక్కడ వేలు పెట్టు."

నుదుటి మీద దూది తగిలింది. రజిత వేలు సరిగ్గా అక్కడికే పోయింది. పాదం మీద, మడమ దగ్గర, మళ్లీ నుదుట. ఐదుసార్లకు ఐదుసార్లూ వేలు తప్పలేదు. ఐదోసారికి మూసిన కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. తెలుస్తోంది! అంత మెత్తటి దూది తెలుస్తోంది! ఏడాది నుంచి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఒక దూది ముక్క పెట్టి చూసి ఉంటే ఈ ఏడుపు ఉండేది కాదు కదా అనిపించింది.

డాక్టరు కాయితం రాసింది. పేరు, వయసు, జబ్బు, అంటువ్యాధి కాదు, వంట పని చేయడానికి ఏ అడ్డంకీ లేదు. కింద సంతకం, సంతకం కింద నంబరు. రజిత ఆ కాయితాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

కమ్లీ బల్ల మీది ఎర్రబొట్టునే చూస్తోంది. పెద్ద బొట్లు గూడూరు సంతలో ఏరి తెచ్చింది ఆమే. ప్రతిసారీ కోడలి నుదుట కొలత చూసి, ఇంకొంచెం పెద్దది ఇయ్యమని బేరం చేసింది ఆమే.

"నేనే తెచ్చిన బిడ్డా" అంది. "నీ మొకాన నేనే అంటువెట్టిన."

"తెల్వక తెచ్చినవ్ యాడీ. నాకు మాత్రం తెల్సా?"

ఆ మాటకు కమ్లీ మొహం తుడుచుకోవడానికి ఎడమచెయ్యి ఎత్తింది. డాక్టరు చూపు ఆ చేతి మీద పడింది. చిటికెన వేలు, దాని పక్క వేలు కొంచెం లోపలికి ముడుచుకుని ఉన్నాయి. రెండింటి మీదా కాలి మానిన నల్లటి గుర్తులు, ఒకటి ఇంకా పచ్చిగా ఉంది.

"గిదేంది అవ్వా, ఎప్పుడు కాలింది?"

"రొట్టె చేస్తుంటె పెనం తగిలిందేమొ. చూసుకోలే."

"కాలినప్పుడు చుర్రుమనలేదా?"

"ఏమో, తెల్వలే."

ఇప్పుడే, ఐదు నిమిషాల కింద, తెలియకపోవడం అంటే ఏమిటో ఈ గదిలోనే చెప్పారు. రజిత చేతిలో కాయితం ముడతపడింది.

"చెయ్యి ఇటియ్యి అవ్వా. గాజులు జర పైకి జరుపుదాం."

"గాజులు జరుగయి." కమ్లీ చెయ్యి వెనక్కి లాక్కుంది. "పెండ్లినాడు తొడిగినయి. దేవ్యా బతికున్నన్ని దినాలు తీసేది లేదు."

"తీయమంటలే. జరపమంటున్న."

కమ్లీ కోడలి వైపు చూసింది. రజిత వచ్చి అత్త పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఒక్కొక్క గాజు తానే పైకి జరిపింది. మోచేతి పైన, గాజుల నీడలో, అరచెయ్యంత మచ్చ. తెల్లగా లేదు, రాగి రంగు తిరిగి పొడిబారి ఉంది. ఆ మచ్చ మీద ఒక్క వెంట్రుక కూడా లేదు. డాక్టరు మోచేతి వెనక ఎముక దగ్గర వేళ్లతో తడిమింది. చర్మం కింద నరం తాడులా లావెక్కి ఉంది.

"కండ్లు మూసుకో అవ్వా. నేను ముట్టుకున్న కాడ వేలు పెట్టు."

"వేలు ఎందుకు? నోటితోని చెప్త. తగిలితే తగిలిందంట."

కమ్లీ కళ్లు గట్టిగా మూసుకుంది. డాక్టరు దూది మచ్చ మీద పెట్టింది.

"తగిలింది" అంది కమ్లీ.

రజిత గుండె కుదుటపడింది. డాక్టరు దూది తీసింది. చెయ్యి గాలిలోనే ఆపి అడిగింది. "ఇప్పుడు?"

"తగిలింది."

దూది మచ్చకు జానెడు ఎడంగా ఉంది. డాక్టరు చెయ్యి కదల్చలేదు. "ఇప్పుడు?"

"తగిలింది బిడ్డా. మంచిగనే తగులుతున్నది. రాయి, మాకు ఏం లేదని రాయి."

రజితకు అర్థమైంది. ఈ ముసలిది డాక్టరును మోసం చెయ్యడం లేదు. తన కోసం, రేపటి మీటింగు కోసం, తన చేతిలోని ఆ ఒక్క కాయితం కోసం కళ్లు మూసుకుని అబద్ధమాడుతోంది. అత్త మీద ఇంత ప్రేమ తనకు ఉందని రజితకు ఆ క్షణం దాకా తెలియదు.

"కండ్లు తెరువు యాడీ" అంది. "ఎన్ని దినాలాయె?"

కమ్లీ కళ్లు తెరిచింది. ఎదురుగా ఆగిన దూదిని చూసింది. పట్టుబడ్డానని తెలిసింది.

"రెండు వానాకాలాలు" అంది. "ఎవ్వరికీ చెప్పలే. నీ మామకు గూడ తెల్వదు. ఎట్ల చెప్త? నా చిన్నప్పుడు మా మేనమామకు గిదే లేస్తే చెలక అవతల గుడిసె ఏసి పెట్టిండ్రు. సద్ది గిన్నె రాయి మీద పెట్టి దూరం జరిగి కేకెయ్యాలె. పెట్టేది నేనే. ఎనిమిదేండ్ల దాన్ని. ఒకనాడు కేకేస్తే ఆయన రాలే."

డాక్టరు గొంతు ఇంతసేపటికి మెత్తబడింది. "అప్పుడు ఇసొంటి మందు లేదు అవ్వా. ఇప్పుడు ఉన్నది. సర్కారు దవాఖానల ఉత్తగనే ఇస్తరు, నెలకో అట్ట. ఆర్నెల్లో ఏడాదో, పరీక్షలు చూసి చెప్తం. మందు షురువైన కొన్ని దినాలకే ఒకరికి అంటదు. ఇంట్లోళ్లకు గూడ ముందుజాగ్రత్తకు మందు ఉంటది. నీ పేరు ఊళ్లె ఎవ్వరికీ చెప్పం. కానీ ఆలిశం చేస్తే ఈ రెండు వేండ్లు ఇట్లనే ముడుచుకుంటయి, తర్వాత చెయ్యి మొత్తం పోతది. పేరు రాసుకోనా?"

"వద్దు" అంది కమ్లీ. "నలబై ఇండ్ల తండా. నెలనెలా సారక్క మందు తెస్తే ఎవరు చూడరు? రేపు పొద్దుగాల రామ్మోహన్‌రావు ఏమంటడు? రోగం కోడలికి లేదు, అత్తకున్నదంటడు. ఇంట్ల రోగముంటె వంట ఎట్ల చేస్తదంటడు. దీని పని దీనికి దక్కనియ్యి. ముసలిదాన్ని, ఎన్ని దినాలుంట?"

డాక్టరు రజిత వైపు చూసింది. ఆ చూపులో బలవంతం లేదు.

రజిత లెక్కలేమీ వేసుకోలేదు. వేసుకుంటే ధైర్యం పోతుందని తెలుసు. చేతిలోని కాయితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"నా పని కోసం నీ చెయ్యి ఇయ్యను యాడీ" అంది. "రేపు నేను రామ్మోహన్‌రావుకు నా కాయితం చూపిస్త. నీ సంగతి అడిగితే అడగని. మందు మింగుతున్నదని చెప్త, మీ ఇంట్ల ఎవరు బీపీకి మింగుతలేరని అడుగుత. పని ఉంటే ఉంటది, లేకుంటే లేదు. మేడం, రాసుకోండ్రి. కమ్లీ. మొగుని పేరు దేవ్యా. యాబై ఎనిమిదేండ్లు."

డాక్టరు రాస్తుంటే కమ్లీ కలం వైపే చూస్తూ నిలబడింది. గాజులు ఒక్కొక్కటే కిందికి జరుపుకుంది. "బయట కూసుంట" అని తలుపు తోసుకుని పోయింది.

మానుకోట ప్రభుత్వ దవాఖానలో ఎవరిని కలవాలో, ఏ రోజు పోవాలో, కాలిన వేళ్లకు ఏం చెయ్యాలో, పెనం పట్టేటప్పుడు గుడ్డ ఎట్లా చుట్టుకోవాలో డాక్టరు చెప్పింది. రజిత అన్నీ రెండేసి సార్లు అడిగి తెలుసుకుంది. పది నిమిషాలు పట్టింది.

బయటికి వచ్చి చూస్తే కమ్లీ కూర్చున్న బల్ల మీద ఇంకెవరో ఉన్నారు.

"గాజుల అవ్వనా?" కాంపౌండరు అన్నాడు. "అప్పుడే దిగిపోయింది గద. రైలు ఎప్పుడని అడిగింది. ఇప్పుడే ఒకటున్నదని చెప్పిన."

"యాడికి పోయే రైలు?"

"సికింద్రాబాద్."

మానుకోట వైపు బండి సాయంత్రం దాకా లేదు. అత్తకు చదువు రాదు, చేతిలో ఫోను లేదు. సికింద్రాబాద్‌లో ఆమెకు తెలిసిన మనిషి లేడు, వెతికి పట్టుకోవడానికి ఒక చిరునామా లేదు. చెలక అవతలి గుడిసె కంటే దూరంగా, ఎవరూ గిన్నె పెట్టనక్కరలేనంత దూరంగా పోవాలనుకుందేమో.

రజిత మెట్లు రెండేసి దిగి పరుగెత్తింది. ఎరువుల బస్తాలు దాటింది, ఆటోలు దాటింది, స్టేషన్ గేటు దాటింది. ప్లాట్‌ఫాం మీద రైలు ఆగి ఉంది. కిటికీలు చూసుకుంటూ ఉరికింది. ఐదో పెట్టె తలుపు దగ్గర, జనం మధ్యన, తెల్లగాజుల చెయ్యి కడ్డీని పట్టుకుని కనిపించింది.

"యాడీ! దిగు!"

కమ్లీ ఆమెను చూసింది. తల అడ్డంగా ఊపింది. "పో బిడ్డా. రేపు పది గంటలకు నీకు మీటింగున్నది. ఇంటికి పో."

రైలు కూత వేసింది. ఇప్పుడు ఎక్కితే మళ్లీ తిరిగి రావడం ఎప్పుడో, రేపు పదింటికి బడి దగ్గర ఉంటుందో లేదో. ఉండకపోతే రామ్మోహన్‌రావు ఏం చెప్తాడో ఆమెకు ముందే తెలుసు. రోగం బయటపడి పారిపోయింది అంటాడు. జాకెట్లోని కాయితం ఒక్కరు కూడా చదవకుండానే చెల్లకుండా పోతుంది.

రైలు కదిలింది. రజిత రెండు అడుగులు దానితో పాటు నడిచి, మూడో అడుగుకు కడ్డీ అందుకుని ఎక్కేసింది. కాలిన వేళ్లున్న చేతిని గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు ఎంత గట్టిదో ఆ వేళ్లకు తెలియదు.